సెలవు రోజున లక్నవరం వెళ్తున్నారా? డబ్బు కంటే ముందు గంటలు లెక్కపెట్టండి

మూడు రోజుల సెలవు కలిసొస్తే చాలు, ఫ్యామిలీ గ్రూపులో మొదటి మెసేజ్ ఒకటే: "ఎక్కడికైనా పోదామా?" రెండో మెసేజ్‌లో ఎవరో లక్నవరం వేలాడే వంతెన వీడియో పెడతారు. మూడో మెసేజ్‌కల్లా బండి ఫిక్స్ అయిపోతుంది. ఎన్నింటికి బయల్దేరాలి, ఎన్నింటికి వెనక్కి తిరగాలి, దాదీమా మందులు ఎవరి బ్యాగులో ఉంటాయి అన్నది మాత్రం ఎవరూ అడగరు.

మా ఇంట్లోనూ ఎవరూ అడగలేదు. రెండేళ్ల కిందట రంజాన్ ఈద్ తర్వాత వచ్చిన శనివారం ఏడుగురం ఒకే బండిలో హైదరాబాద్ నుంచి బయల్దేరాం. ప్లాన్ వేసింది నేనే. పాకాల, రామప్ప, లక్నవరం మూడూ ఒక్కరోజులో చూసేయాలనుకున్నా. బీకాం చదివిన బుర్ర కదా, డీజిల్‌కి ఎంత, టోల్‌కి ఎంత, తలా ఎంత పడుతుందో పైసలతో సహా రాసుకున్నా. గంటల లెక్క మాత్రం వేయలేదు.

పొద్దున ఆరింటికి అనుకున్నది ఎనిమిదీ నలభై అయింది. ఉప్పల్ దాటేసరికే పది. హన్మకొండలో బిర్యానీ కోసం గంటకు పైగా ఆగాం. పాకాల ప్లాన్ అక్కడే రద్దయింది. రామప్పలో అరగంట నిలబడి, లక్నవరం చేరేసరికి సాయంత్రం ఐదు. కార్ల వరుస చెరువుకి చాలా ముందే మొదలైంది. నడుచుకుంటూ లోపలికి వెళ్తే బోటు టికెట్ల కౌంటర్ మూసేశారు. మొత్తం మీద చెరువును చూసింది ఇరవై నిమిషాలు. అందులో పది నిమిషాలు ఫోటోలకే పోయాయి.

అసలు భయం తిరుగు దారిలో మొదలైంది. అరగంటలో హన్మకొండ చేరి అన్నం తింటామన్న నమ్మకంతో దాదీమా బండిలోనే ఇన్సులిన్ వేసుకుంది. బండ్లు కదల్లేదు. భోజనం గంటన్నర లేటైంది. "బేటా, చేతులు వణుకుతున్నాయి" అంది దాదీమా. ముఖం నిండా చెమటలు. అమ్మీ గబగబా దిగి రోడ్డు పక్క చాయ్ బండి దగ్గర గుప్పెడు చక్కెర అడిగి తెచ్చి నోట్లో వేసింది. పావుగంటకు మనిషి తేరుకుంది. ఆ పావుగంట మా ఇంట్లో ఎవరం మర్చిపోలేదు.

తప్పు దారిది కాదు, జనానిది కాదు, ప్లాన్‌ది. అందుకే ఈసారి సెలవులకు చెరువుల వైపు వెళ్లాలనుకునే కుటుంబాల కోసం, మేం దెబ్బ తిని నేర్చుకున్న లెక్కంతా వరుసగా రాస్తున్నా.

ముందు ఈ చెరువుల సంగతి

వరంగల్, ములుగు వైపు ఉన్నవి దేవుడు పుట్టించిన సరస్సులు కావు, మనుషులు కట్టిన చెరువులు. లక్నవరం, రామప్ప, పాకాల, ఘనపురం అన్నీ కాకతీయుల కాలం నాటివే. దాదాపు 800 ఏళ్ల కిందట, గణపతిదేవుడి పాలనలో, 13వ శతాబ్దంలో కట్టినవి. అడవి గుట్టల మధ్య సందు ఎక్కడ ఇరుకుగా ఉందో చూసి అక్కడ మట్టికట్ట పోశారు. గుట్టలే మిగతా గోడలయ్యాయి. వానాకాలంలో పైనుంచి వచ్చిన నీళ్లు ఆగి చెరువైంది. కట్ట కింద తూముల గుండా ఆ నీళ్లు పొలాలకు పోతాయి. నిండితే ఎక్కువైన నీళ్లు మత్తడి మీదుగా దూకి కిందికి వెళ్తాయి. ఇప్పటికీ ఈ చెరువుల కింద వరి పండుతోంది.

ఇదంతా చరిత్ర పాఠం కోసం చెప్పట్లేదు. దీన్నిబట్టే మన ట్రిప్పు గురించి రెండు విషయాలు తెలుస్తాయి.

ఒకటి, కాలం. ఇవి వాననీళ్లతో నిండే చెరువులు కాబట్టి సెప్టెంబర్ నుంచి జనవరి దాకా కళగా ఉంటాయి. మార్చి దాటితే నీళ్లు తగ్గి ఒడ్డు బయటపడుతుంది, ఎండ మాడ్చేస్తుంది. మేం వెళ్లింది అలాంటి రోజుల్లోనే. జూలై, ఆగస్టుల్లో పచ్చగా బాగుంటుంది కానీ అదే అసలు ప్రమాదం. 2023 జూలై చివర్లో ములుగు జిల్లాలో ముత్యంధార జలపాతం చూడటానికి వెళ్లినవాళ్లు వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. సహాయక బృందాలు వెళ్లి వాళ్లను బయటికి తీసుకొచ్చాయి. అదే వానలకు జంపన్న వాగు పొంగి కొండాయి గ్రామంలో ప్రాణాలు పోయాయి. వాతావరణ శాఖ ఆరెంజ్, రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజున, బుకింగ్ డబ్బులు పోయినా సరే, వెళ్లకండి.

రెండు, లోతు. ఇక్కడ లోతు మెల్లమెల్లగా పెరగదు. చెరువులో అన్నిటికంటే ఎక్కువ లోతు కట్ట దగ్గరే ఉంటుంది. జనం నిలబడి ఫోటోలు దిగేది కూడా అక్కడే. దీని గురించి కింద వివరంగా చెప్తా.

మూడు కాదు, ఒక్కటే

ఒక్కరోజు ట్రిప్పులో మొదటి నియమం ఇదే: ఒక్క చెరువే పెట్టుకోండి. ఏది అన్నది మీ ఊరిని బట్టి, బండిలో ఉన్న మనుషులను బట్టి తేల్చుకోవాలి.

లక్నవరం: ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో ఉంది. హైదరాబాద్ నుంచి సుమారు 215 కిలోమీటర్లు, హన్మకొండ నుంచి 80 లోపే. చెరువు మధ్య చిన్న చిన్న దీవులు, వేలాడే వంతెన, పర్యాటక శాఖ బోట్లు ఉన్నాయి. పిల్లలకు బాగా నచ్చేది ఇదే. సెలవు రోజున ఎక్కువ జనం ఉండేదీ ఇక్కడే.

రామప్ప: ములుగు దగ్గర జంగాలపల్లి నుంచి లోపలికి తిరిగితే పాలంపేట వస్తుంది. 1213లో కట్టిన ఈ గుడికి 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. రాతిపని చూడాలనుకునే వాళ్లు, స్కూలు పిల్లలకు చరిత్ర చూపించాలనుకునే వాళ్లు దీన్ని ఎంచుకోవచ్చు. చెరువు పక్కనే ఉంది. ఇది పూజలు జరిగే గుడి అన్నది గుర్తుంచుకుని, అక్కడి పద్ధతి పాటించడం మన తహజీబ్.

పాకాల: నర్సంపేట దాటాక ఖానాపురం మండలంలో, అభయారణ్యం మధ్యలో ఉంటుంది. మిగతా రెండింటి కంటే ప్రశాంతం. హడావుడి వద్దు, చెట్టు కింద కూర్చుని భోజనం చేస్తే చాలు అనుకునే వరంగల్ కుటుంబాలకు సరిపోతుంది.

హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో ఉండేవాళ్లు పొద్దున్నే కదిలితే రామప్ప, లక్నవరం రెండూ చూడొచ్చు. హైదరాబాద్ వాళ్లకు ఒక్కటే. రెండూ చూడాల్సిందే అంటే ఒక రాత్రి ఆగండి, అంతేగానీ ఒక్కరోజులో ఇరికించకండి.

ఇంట్లో నెలల బాబు ఉన్నా, మోకాళ్ల నొప్పులతో గంట కూడా కూర్చోలేని పెద్దలు ఉన్నా ఇంకో మాట. తొమ్మిది గంటలు బండిలో కూర్చోవడం వాళ్లకు సరదా కాదు, శిక్ష. హైదరాబాద్ పక్కనే గండిపేట ఉంది. 1908 మూసీ వరదల తర్వాత, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో 1920లో కట్టిన ఉస్మాన్ సాగర్ అదే. ఇప్పుడు ఒడ్డున పెద్ద పార్కు కూడా ఉంది. గంటలో చేరతారు, అస్ర్ తర్వాత బయల్దేరినా ఇషాకి ఇంట్లో ఉంటారు. చిన్న ట్రిప్పు చేయడంలో తక్కువతనం ఏమీ లేదు.

గంటల జమా-ఖర్చు

కామర్స్ క్లాసులో మొదట నేర్పేది, చేతిలో ఎంత ఉందో చూసుకోకుండా ఖర్చు రాయొద్దని. డే ట్రిప్పులో చేతిలో ఉన్నది డబ్బు కాదు, వెలుతురు. ఫజర్ నుంచి మగ్రిబ్ దాకా అక్టోబర్‌లో దాదాపు పదమూడు గంటలు. అదే మీ జమ.

ఇప్పుడు ఖర్చు. హైదరాబాద్ నుంచి లక్నవరానికి మామూలు రోజునే నాలుగున్నర గంటలు. రానుపోను తొమ్మిది. దారిలో నాష్తా, చాయ్, నమాజ్ కలిపితే ఇంకో గంటన్నర. సెలవు రోజు రద్దీకి తక్కువలో తక్కువ గంట. అంటే పదకొండున్నర గంటలు దారికే పోతాయి. వెలుతురులో మిగిలింది గంటన్నరేనా? అందుకే తిరుగు ప్రయాణంలో చివరి రెండు, మూడు గంటలు చీకట్లో పడటం తప్పదు. ఆ చీకటి భాగం అడవి దారిలో కాకుండా, జనగామ దాటాక నాలుగు లైన్ల రోడ్డు మీద పడేలా చూసుకోవడమే అసలు ప్లానింగ్.

కాబట్టి లెక్క వెనక నుంచి వేయండి. చెరువు దగ్గర్నుంచి మధ్యాహ్నం మూడింటికి కదలాలి. ఇది రాయి మీద గీత. మూడింటికి కదిలితే ఐదు లోపు హన్మకొండ, అస్ర్, చాయ్. ఆరింటికి కాస్త అటూ ఇటుగా జనగామ ప్రాంతం, మగ్రిబ్. ఎనిమిదిన్నర, తొమ్మిదికి ఇల్లు. ఇంటికెళ్లాక భోజనం.

మూడింటికి కదలాలంటే, చెరువు దగ్గర నాలుగు గంటలు ఉండాలంటే, పదకొండుకల్లా చేరాలి. పదకొండుకి చేరాలంటే ఫజర్ నమాజ్ చదివి ఐదున్నరకు బండి కదలాలి. ఐదున్నరకు కదలాలంటే ముందురోజు రాత్రే సామాను బండిలో ఉండాలి.

"ఎనిమిదింటికి వెళ్తే ఏమవుతుంది, రెండున్నర గంటలే కదా తేడా" అంటారు భయ్యా. అక్కడే మోసం. ఐదున్నరకు ఉప్పల్ ఖాళీగా ఉంటుంది. ఎనిమిదికి ఊరంతా రోడ్డు మీద ఉంటుంది. రెండున్నర గంటలు లేటుగా కదిలినవాళ్లు మూడున్నర, నాలుగు గంటలు లేటుగా చేరతారు. చెరువు దగ్గర ఉండాల్సింది నాలుగు గంటలే. అంటే ట్రిప్పు మొత్తం పోయినట్టే. మాకు జరిగింది అదే.

డబ్బు లెక్క కూడా చెప్పేస్తా, చిన్నదే. రానుపోను 430 కిలోమీటర్లు. మనుషులు నిండిన బండి లీటరుకు 15 ఇస్తుందనుకుంటే దాదాపు 29 లీటర్లు. దాన్ని ఆ రోజు లీటరు ధరతో గుణించుకోండి. దారిలో టోల్ గేట్లున్నాయి. ఫాస్టాగ్‌లో ముందురోజే డబ్బు వేయండి. ఫాస్టాగ్ పనిచేయకపోతే చార్జీ ఎక్కువ పడుతుంది. 24 గంటల్లోపు తిరిగొస్తే రెండు వైపులా కలిపి ఒకవైపు చార్జీకి ఒకటిన్నర రెట్లే. మెసేజ్‌లో సరిగా కట్ అయిందో లేదో చూసుకోండి.

ఏ రోజు, ఏ దారి

మూడు రోజుల సెలవులో మధ్య రోజు మంచిది. మొదటి రోజు పొద్దున ఊళ్లకు వెళ్లేవాళ్లతో, చివరి రోజు సాయంత్రం తిరిగొచ్చేవాళ్లతో రోడ్డు నిండిపోతుంది. మధ్య రోజున ఈ రెండు రద్దీలూ తగ్గుతాయి. సెలవు శుక్రవారం నుంచి మొదలైతే మనకు ఇంకో కారణం కూడా ఉంది. జుమా వేళకు చెరువు దగ్గర ఉంటే మస్జిద్ కోసం వెనక్కి రావాల్సి ఉంటుంది. శనివారం పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

సంక్రాంతికి హైదరాబాద్ సగం విజయవాడ రోడ్డు మీదే ఉంటుంది. పంతంగి టోల్ దగ్గర కిలోమీటర్ల కొద్దీ క్యూ ప్రతి ఏడాదీ చూస్తున్నదే. వరంగల్ రోడ్డు ఆ రోజుల్లో దానికంటే నయం. అయితే రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర జరుగుతుంది. ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా లక్షల మంది వెళ్లేది ఇదే దారిలో. జాతరకు ముందు వారాల్లో కూడా రద్దీ ఉంటుంది. ఆ నెల లక్నవరం మాట మర్చిపోండి.

దారి సులువు. 163వ నంబర్ జాతీయ రహదారి ఒక్కటే. భువనగిరి, ఆలేరు, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, హన్మకొండ, ములుగు. మెహదీపట్నం, టోలీచౌకీ, పాతబస్తీ వాళ్లు నగరం మధ్య నుంచి ఉప్పల్ దాకా రాకుండా ఔటర్ ఎక్కి ఘట్‌కేసర్ దగ్గర దిగితే కాస్త దూరం ఎక్కువైనా టైం కలిసొస్తుంది. రాయగిరి దాకా యాదగిరిగుట్టకు వెళ్లే బండ్లు ఉంటాయి, తర్వాత పలచబడుతుంది. హన్మకొండలో పని లేకపోతే ఊళ్లోకి వెళ్లకుండా బైపాస్ పట్టుకోండి. ములుగు దాటాక గోవిందరావుపేట మండలంలో మెయిన్ రోడ్డు వదిలి బుస్సాపూర్ వైపు తిరగాలి. అడవిలో ఫోన్ సిగ్నల్ నమ్ముకోలేం. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. "సిగ్నల్ లేకపోతే ఎక్కడ కలవాలి" అన్నది రెండు బండ్లలో వెళ్లేవాళ్లు ముందే మాట్లాడుకోవాలి.

అన్నం, నమాజ్

భోజనం ఇంటి నుంచే. ఇది పొదుపు కోసం కాదు, టైం కోసం. సెలవు రోజున హోటల్ అంటే గంట పోయినట్టే. పైగా హన్మకొండ దాటాక హలాల్ ఎక్కడ దొరుకుతుందని వెతుక్కుంటూ తిరగడం కంటే డబ్బా విప్పుకోవడం సుఖం. ఎండలో పాడవని వంటలే చేయండి. పులిహోర, రోటీ లాంటివి పర్వాలేదు. పెరుగు, కొబ్బరి పచ్చడి, మయొనైజ్ వేసినవి వద్దు. బిర్యానీ కట్టుకుంటే వీలైనంత త్వరగా తినేయాలి, సాయంత్రానికి దాచొద్దు. ట్రిప్పు గాంధీ జయంతి నాడైతే హైదరాబాద్‌లో మాంసం దుకాణాలు మూసి ఉంటాయి, ముందురోజే తెచ్చుకోండి.

కోతులు ఎక్కువ. చేతిలో ప్లాస్టిక్ కవర్ కనబడితే లాక్కుంటాయి. డబ్బాలు బండిలోనే ఉంచి, మూతలున్నవే వాడండి. తిన్న ప్లేట్లు, సీసాలు ఒక సంచిలో వేసి ఇంటికి తెచ్చేయండి. ఆ నీళ్లు కింద రైతు పొలానికి పోయేవి.

నమాజ్‌కి వేళలు దారిలో కలిసేలా పైన లెక్కలోనే పెట్టాను. ఒక ఐదు లీటర్ల క్యాను వజూ కోసం వేరుగా ఉంచండి. వజూ కోసమని చెరువు మెట్లు దిగొద్దు, అవి నాచు పట్టి జారుతాయి. రెండు జానమాజ్‌లు చాలు, వంతులవారీగా చదువుకోవచ్చు. వచ్చేటప్పుడు కాజీపేట దర్గా వైపు ఆగాలనుకునేవాళ్లు బైపాస్ ఎక్కకుండా ఊళ్లోకి రావాలి, దానికి ముప్పావు గంట అదనంగా వేసుకోండి. ఇంత దూరానికి ఖసర్ చేయాలా, జుమా సంగతేంటి లాంటి మసాయిల్ మీ ఇమామ్ సాబ్‌ని ముందురోజే అడిగి పెట్టుకోండి. పార్కింగ్‌లో నిలబడి చర్చ పెట్టుకుంటే టైం పోతుంది.

పెద్దవాళ్లు, పిల్లలు, ఆడవాళ్లు

షుగర్ ఉన్నవాళ్లకు ఒకటే సూత్రం: ప్లేటు ఎదురుగా వచ్చాకే ఇన్సులిన్. "ఇంకో అరగంటలో చేరతాం" అన్న మాట నమ్మి వేసుకోవద్దు. మందు అలవాటులో ఏ మార్పు చేయాలన్నా డాక్టర్‌ని అడగండి. బండిలో చేతికందే చోట గ్లూకోజ్ పొడి, చక్కెర, ఖర్జూరాలు ఉండాలి. చేతులు వణకడం, చెమటలు, కంగారు, తికమకగా మాట్లాడటం షుగర్ పడిపోయిందనడానికి గుర్తులు. తెలివిలో ఉంటే మూడు, నాలుగు చెంచాల చక్కెర ఇచ్చి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఆడవాళ్ల ఇబ్బంది మగవాళ్ల ప్లాన్‌లో ఎప్పుడూ ఉండదు. బాత్రూం దొరకదేమోనని మా అమ్మీ, భాభీ ఆ రోజు పొద్దుటి నుంచి నీళ్లే తాగలేదట. ఎండలో అది ఎంత ప్రమాదమో మాకు తర్వాత అర్థమైంది. ప్రతి రెండు గంటలకు ఒక పెద్ద పెట్రోల్ బంకు దగ్గరో, హోటల్ దగ్గరో ఆగాలి. "ఎవరైనా వెళ్లాలా?" అని అడగొద్దు, మొహమాటంతో వద్దంటారు. అడక్కుండా ఆపండి.

పిల్లలకు కొట్టొచ్చినట్టు కనిపించే ఒకే రంగు బట్టలు వేస్తే గుంపులో గుర్తుపట్టడం తేలిక. చిన్నపిల్లల జేబులో అబ్బా ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి.

నీళ్ల దగ్గర మాత్రం సరదా లేదు

2025 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో, హైదరాబాద్ నుంచి సిద్దిపేట జిల్లా కొండపోచమ్మ సాగర్ చూడటానికి ఏడుగురు కుర్రాళ్లు వెళ్లారు. ఐదుగురు నీళ్లలో మునిగి చనిపోయారు. ఇద్దరే తిరిగొచ్చారు. 

ఇలాంటివి ఎందుకు జరుగుతాయో అర్థం చేసుకుంటే సగం జాగ్రత్త వచ్చినట్టే. కట్ట లోపలివైపు వాలుగా ఉంటుంది, రాళ్లకు నాచు పట్టి ఉంటుంది. కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, రెండడుగులు దాటితే లోతు. అడుగున ఒండ్రు మట్టి కాలిని పట్టేస్తుంది. తూము దగ్గర పైకి నీళ్లు కదలనట్టే ఉంటాయి, లోపల మాత్రం కిందికి లాగుతాయి. మత్తడి మీద చీలమండ లోతు నీళ్లే ఉన్నా పారే వేగానికి మనిషి నిలబడలేడు. ఒకడు జారితే వాడిని పట్టుకోబోయి రెండోవాడు, వాడి కోసం మూడోవాడు దిగుతారు. అలా ఒక్క ప్రాణంతో ఆగాల్సింది ఐదు దాకా వెళ్తుంది.

కాబట్టి ఈత వచ్చినా రాకపోయినా నీళ్లలోకి దిగొద్దు. కట్ట అంచున, మత్తడి మీద సెల్ఫీ వద్దు. పిల్లలను చూసే బాధ్యత "అందరం చూస్తాం" అని వదిలేయకండి. అందరూ చూస్తారంటే ఎవరూ చూడరని అర్థం. గంటకొకరు చొప్పున పేరు పెట్టి ఒప్పజెప్పండి. ఆ గంటలో ఆ మనిషి ఫోన్ ముట్టకూడదు.

బోటు ఎక్కితే లైఫ్ జాకెట్ తప్పనిసరి, బెల్టులన్నీ బిగించాలి. పిల్లలకు పిల్లల సైజే అడగండి, లేకపోతే ఎక్కించకండి. బుర్ఖా వేసుకున్నవాళ్లు జాకెట్‌ను బుర్ఖా పైనే వేసుకోవాలి. పర్దా కోసమని జాకెట్ మీద మళ్లీ చాదర్ కప్పుకుంటే, నీళ్లలో పడినప్పుడు తడిసిన గుడ్డ అడ్డవుతుంది. బోటులో జనం ఎక్కువయ్యారనిపిస్తే టికెట్ చింపేసినా సరే దిగిపోండి.

ఎవరైనా పడిపోతే వెనకే దూకొద్దు. దుపట్టాలు ముడివేసి గానీ, తాడు గానీ, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను గానీ విసరండి. గట్టిగా అరవండి, బోటువాళ్లను పిలవండి. 108కి, 112కి ఫోన్ చేయండి. హైవే మీద బండి ఆగిపోయినా, ప్రమాదం జరిగినా 1033.

సొంత బండి లేకపోతే

బండి లేదని ఇంట్లో కూర్చోనక్కర్లేదు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట, వరంగల్ వైపు పొద్దున్నే రైళ్లుంటాయి, రెండు, రెండున్నర గంటల ప్రయాణం. అక్కడి నుంచి ములుగు వైపు ఆర్టీసీ బస్సులున్నాయి. 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకంలో తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు, గుర్తింపు కార్డు వెంట ఉండాలి. అయితే సెలవు రోజున ఆ బస్సులు కిటకిటలాడతాయి. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు హన్మకొండలో ఇద్దరు ముగ్గురు బంధువులు కలిసి ఒక బండి మాట్లాడుకుంటే తేలిక. బేరం ఆడేటప్పుడు వెయిటింగ్, టోల్, డ్రైవర్ భోజనం అన్నీ కలిపే మాట్లాడుకోండి. డ్రైవర్ ముందురోజు రాత్రంతా నడిపి వచ్చాడా అన్నది కూడా అడగండి. నిద్ర లేని డ్రైవర్ ఎంత చవగ్గా దొరికినా వద్దు.

ఇప్పటి మా ప్లాన్

ఆ దెబ్బ తర్వాత కిందటి డిసెంబర్‌లో మళ్లీ వెళ్లాం. ఒక్క లక్నవరమే. ఫజర్ తర్వాత వెంటనే కదిలాం. చల్లగా ఉంది, పదిన్నరకల్లా చేరాం, పార్కింగ్ గేటు దగ్గరే దొరికింది. పిల్లలు బోటెక్కారు. దాదీమా చెట్టు కింద చాప మీద కూర్చుని, ఒంటిగంటకు ప్లేటు ఎదురుగా పెట్టించుకుని, అప్పుడు ఇన్సులిన్ వేసుకుంది. రెండూ యాభైకి మా ఫుప్పు, "టైం అయింది, లేవండి" అని అందర్నీ లేపింది. పిల్లలు ఇంకాసేపు అని ఏడ్చారు. మేం బయటికొస్తుంటే కార్ల వరుస ఎదురొచ్చింది. రోడ్డు మీద ఆగిపోయి, లోపలికి వెళ్లడానికి చూస్తున్న కుటుంబాలు. ఒక కారులో వెనక సీటులో ఒక ముసలమ్మ తల వాల్చి కూర్చుని ఉంది.

దాదీమా అద్దం దించి అటే చూసింది. "వాళ్లకు ఎవరైనా చెప్పాల్సింది బేటా" అంది.

అందుకే రాశాను. ఈ సెలవులకు మీ గ్రూపులో ఎవరైనా "పోదామా?" అని మెసేజ్ పెడితే, వద్దనకండి. "పోదాం, కానీ మూడింటికి లేచేద్దాం" అని జవాబు పెట్టండి.